రాహుకాలంలో ఆగిన స్ట్రెచర్

ఇవాళ పొద్దున్న ఏడున్నర దాటాక ఆపరేషన్ థియేటర్ గుమ్మం ముందు ఒక పెద్దమనిషి నేను తోసుకెళ్తున్న స్ట్రెచర్‌ని పట్టుకుని ఆపేశాడు. సిల్తారా స్టీల్ ప్లాంటులో ఇంజనీరట. స్ట్రెచర్ మీద ఉన్నది ఆయన మామగారు, రిటైరైన రైల్వే గార్డు. హెర్నియా ఆపరేషన్. కోతకు ముందు ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ ఇంజెక్షన్ నేను అప్పటికే ఇచ్చేశాను.

“జరా ఆగండి సిస్టర్. సోమవారం కదా, తొమ్మిది దాకా రాహుకాలం.”

“ఇంజెక్షన్ అయిపోయింది సార్. గంటలోపు కోత పెట్టాలి. ఆలస్యమైతే మందు బలం తగ్గిపోతుంది, కుట్ల దగ్గర చీము పట్టొచ్చు.”

“అరే, ఒంట్లోకి ఎక్కించిన మందు ఎక్కడికి పోతుంది సిస్టర్!”

కొలిమి పక్కన ఉద్యోగం చేసే మనిషి అనే మాటేనా ఇది? పొద్దున్న కాల్చిన ఇనుము సాయంత్రం దాకా ఎర్రగానే ఉంటుందని నమ్మితే ఆ ప్లాంటు నడుస్తుందా?

డాక్టరుగారు వచ్చి కేకలేసినా ఇంజనీరు కదల్లేదు. అల్లుడికి ఎదురు చెప్పలేక ముసలాయన కళ్లు మూసుకున్నాడు. తొమ్మిది దాటాక ఆయనకి మళ్లీ మందు ఎక్కించి లోపలికి తీసుకెళ్లాం.

ఆపరేషన్ బాగానే అయింది. బయటికి రాగానే అల్లుడు, యాంటీబయాటిక్స్ ఎన్ని రోజులు వాడాలని అడిగాడు. కోతకు ముందు ఇచ్చిందే చాలు, ఇక అక్కర్లేదన్నాను.

“బస్, అంతేనా? రేపు చీము పడితే జిమ్మేదారీ మీదే!”

క్రిములు కూడా రాహుకాలం పాటిస్తాయా? పంచాంగం తెలిసినవాళ్లు కింద రాయండి. థియేటర్ గుమ్మానికి అతికిస్తాను.