ప్రెస్సు మేస్త్రి సముద్రానికి వెళ్ళిన రోజు

ప్రెస్సు మేస్త్రి ముప్పయ్యేళ్ళు అచ్చుయంత్రం పక్కన నిలబడి పనిచేశాడు. ఆ యంత్రం అతనికి అన్నం పెట్టింది, కూతుర్ని చదివించింది, మెల్లమెల్లగా అతని చెవులు మాత్రం పుచ్చుకుంది. అవి ఎప్పుడు పోయాయో అతనికే తెలియదు. ఈమధ్య జనమంతా నోట్లో నోట్లో గొణుక్కుంటున్నారని మాత్రం అనుకునేవాడు. ఇంట్లో భార్య గొంతు పెంచింది. మూడో అంతస్తులో ఆవిడ నీళ్ళు కాగాయని కేకేస్తే కింది వాటాలో వాళ్ళు తువ్వాలు అందుకుంటున్నారని పక్కింటాయన హాస్యమాడేవాడు. సగం వినబడకపోయినా మేస్త్రి కూడా నవ్వేవాడు.

అసలు చిక్కు కూతురి దగ్గర వచ్చింది. ఆ అమ్మాయి బ్యాంకులో పనిచేస్తూ ప్రమోషన్ పరీక్షలు రాస్తోంది. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, ఒక ఆదివారం పుట్టింటికొచ్చి, తండ్రి పక్కన కూర్చుని, తలొంచుకుని చెప్పింది.

"నాన్నా, నెల తప్పాను."

మేస్త్రికి చివరి మాట ఒక్కటే అందింది. కూతురి తల నిమిరి, "పోనీలే తల్లీ, దిగులు పడకు. వచ్చేసారి ఇంకా గట్టిగా చదువుదువుగాని" అన్నాడు.

కూతురు ముందు పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. తల్లి వచ్చి చెవిలో అరిచి చెప్పాక గాని మేస్త్రికి సంగతి తెలియలేదు. అప్పుడు సంతోషించాడు గాని, సంతోషించాల్సిన ఘడియ కాస్తా దాటిపోయింది.

ఆ మరుసటి వారమే ఆ అమ్మాయి చెవి మిషను కొనుక్కొచ్చింది. చిక్కుడు గింజంత ఉంది. దాన్ని చూడగానే మేస్త్రి ముఖం మాడ్చుకున్నాడు. తానింకా ముసలాడు కాలేదన్నాడు. ముందు మీరంతా నోరు తెరిచి మాట్లాడటం నేర్చుకోండన్నాడు. కూతురు వాదించలేదు. ఆ రోజునుంచి ఫోన్లు తల్లికే చేసేది. ఆవిడ వంటింటి గట్టుకి ఆనుకుని మాట్లాడుతుంటే మేస్త్రి గుమ్మంలో నిలబడి ఆవిడ పెదవుల వంక చూసేవాడు. ఫోను పెట్టేశాక, "బాగానే ఉందట" అని ఒక్క ముక్క చెప్పేది.

ప్రెస్సుకి సెలవైన ఒక రోజు అతనికి ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. పెంపుడు కుక్కని తీసుకుని సముద్రం దాకా వెళ్ళొస్తానన్నాడు. ఆ కుక్కని అందరూ గుమస్తా అనేవారు. మెట్లెక్కే ప్రతి మనిషినీ కాగితాలు తనిఖీ చేసినట్టు ఆసాంతం వాసన చూసి గాని వదలదు మరి. గుమస్తాతో మేస్త్రికి ఏ పేచీ లేదు. అది చెప్పదలచుకున్నదంతా తోకతోనే చెబుతుంది, తోక కంటికి కనబడుతుంది. బయల్దేరేటప్పుడు భార్య రొట్టె, ఉడికించిన గుడ్లు సంచీలో పెట్టింది. మిషను డబ్బీ అతని చొక్కా జేబులో పడేసింది. అతను చూశాడు గాని తీసెయ్యలేదు.

స్కూటరు ముందు భాగంలో నిలబడి, చెవులు వెనక్కి ఎగిరిపోతుంటే, గుమస్తా దారంతా దర్జాగా ప్రయాణం చేసింది. ఆ ఒడ్డుకి ఎవరూ రారు. అంగళ్ళు లేవు. ఒక పక్క సరుగుడు తోపు, ఇంకో పక్క నల్లటి బండరాళ్ళు. కుక్క పీతల వెంటపడింది, అలలతో కయ్యానికి దిగింది, ఒళ్ళంతా ఇసుక చేసుకుని వచ్చి మేస్త్రి గుడ్డులో వాటా అడిగింది. తిన్నాక అతను తోపు నీడలో నడుం వాల్చాడు.

లేచేసరికి కుక్క లేదు. సముద్రం పోటు మీదుంది. "గుమస్తా" అని పిలిచాడు. తోపంతా తిరిగాడు, ఒడ్డు వెంబడి ఇటూ అటూ పరుగెత్తాడు, గొంతు పోయేలా అరిచాడు. అరిచి అరిచి ఒక్కసారిగా ఆగిపోయాడు. అది పలికినా తనకి వినబడదు కదా. ఈపాటికే పలుకుతోందేమో.

జేబులోంచి డబ్బీ తీసి తెరిచాడు. మిషను మొదట తిరగేసి పెట్టుకున్నాడు. సరిచేసుకోగానే అది కీచుమంది. ఆ వెంటనే గాలీ సముద్రమూ కలిసి ప్రెస్సులో యంత్రం తిప్పినట్టు చెవిలో హోరెత్తాయి. పీకి పారేద్దామనుకున్నాడు. పంటి బిగువున ఓర్చుకుని నిలబడ్డాడు. కాసేపటికి హోరులోంచి ఒక్కొక్క శబ్దమే విడివడసాగింది. చొక్కా రెపరెపలు, తన రొప్పు. ఆ తర్వాత, రాళ్ళ వైపునుంచి, సన్నటి మూలుగు.

రెండు బండల మధ్య ఎవరో వదిలేసిన నైలాను వల ముక్క గుమస్తా వెనక కాలికి చుట్టుకుపోయింది. నీళ్ళు దాని మెడ దాకా వచ్చేశాయి. మేస్త్రి దిగాడు. అల మీదికొస్తే ఒళ్ళు కాచుకోవడం మానేసి అరచేత్తో చెవి కప్పుకున్నాడు. స్కూటరు తాళంచెవితో రాకి, తన పళ్ళతో కొరికి, ఒక్కొక్క పోగే తెంచాడు. నొప్పికి కుక్క అతని మణికట్టు కరిచింది, మళ్ళీ అదే నాకింది. భుజానికెత్తుకుని ఒడ్డుకి చేర్చాక ఇద్దరూ ఇసుకలో కూలబడ్డారు.

అది ఎంతసేపటినుంచి పిలుస్తోందో. ఆ మాట అతని మనసులోంచి పోలేదు. జేబు రుమాలుతో దాని కాలికి కట్టు కట్టి, సంచీలోంచి ఫోను తీసి కూతురికి కలిపాడు.

తండ్రి ఎప్పుడూ చెయ్యడు గనక ఆ అమ్మాయి కంగారుపడింది. "ఏమైంది నాన్నా?"

"ఏం కాలేదు. మిషను పెట్టుకున్నా. నీ గొంతేంటి, జలుబు చేసినట్టుంది?"

"అవును నాన్నా. నాలుగు రోజులైంది."

"మీ అమ్మ నాకు చెప్పలేదే."

"చెప్పే ఉంటుంది నాన్నా."

అతను మిషనుని చెవిలోకి ఇంకాస్త నొక్కుకున్నాడు. కూతురే మాట అందుకుంది. నడుం నొప్పి గురించి, పొద్దున్నే వచ్చే వికారం గురించి, ఆఫీసులో కుర్చీ మార్పించుకున్న వైనం గురించి చాలాసేపు చెప్పింది. అతను ఊఁ కొట్టాడు, ఊఁ కొట్టాల్సిన చోటే కొట్టాడు.

మిషనుతో అన్నీ చక్కబడ్డాయని కాదు. సంతలో అన్ని గొంతులూ ముద్దైపోయేవి. గిన్నె కిందపడితే గుండె ఆగినంత పనయ్యేది. ప్రెస్సులో దాన్ని తీసి పక్కన పెట్టాల్సిందే. కానీ ఇదివరకు అర్థం కాకపోతే తలూపి ఊరుకునేవాడు, ఇప్పుడు మళ్ళీ చెప్పమని అడుగుతున్నాడు. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాడు.

గుమస్తా కాలికి పశువుల డాక్టరు కుట్లు వేశాడు. కొన్నాళ్ళు కుంటింది. గాయం మానాక ఒక సెలవురోజు కూతుర్ని కూడా వెంటబెట్టుకుని అందరూ మళ్ళీ అదే ఒడ్డుకి వెళ్ళారు. కుక్క రాళ్ళ వైపు చూడను కూడా చూడలేదు. తిన్నగా అలల్లోకి ఉరికింది. మేస్త్రి మిషను తీసి కూతురి చేతిలో పెట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కుక్క వెనకే నీళ్ళలోకి దిగాడు.