ఒక్క ఏడాది ఆగమన్న మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు పాత ఆటగాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి చూసుకున్నాను. ఇంట్లో కుర్చీలో కూర్చుని టీ తాగుతూ తల వాల్చేశారట. నేను చూసేసరికే ఆ కబురు కింద దణ్ణాలు పెట్టే బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. మా పాత కెప్టెన్, చైనీయుల అమ్మాయి, "ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి" అని ఇంగ్లీషులో రాసింది. అది చదివి నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆ అమ్మాయి అబద్ధం రాయలేదు. ఆమెకు తెలుగు రాదు, అంతే.

తర్వాత మన తెలుగు సంఘం వాళ్ళు ఫోన్ చేసి ఆయన గురించి ఒక పేజీ రాసిమ్మన్నారు. నాలుగు మంచి మాటలు రాయమ్మా అన్నారు. మంచి మాటలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళని అడగండి అన్నాను. అయినా రాస్తున్నాను. అయితే మీకు ముందే చెబుతున్నాను, ఆయన మీద నాకు పదమూడేళ్ళ కోపం ఉంది. మనిషి పోయినంత మాత్రాన కోపం దానంతటది పోదు.

ఆయన ఇపోలో మా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్. తెలుక్ ఇంటాన్ దగ్గరి ఎస్టేటులో పుట్టారు. వాళ్ళ నాన్నది పామాయిల్ గెలలు కోసే పని. ఎస్టేటు పక్కన చైనీయుల బడిలో సిమెంటు కోర్టు ఉండేదట. చిన్నప్పుడు కంచె పట్టుకుని చూసి చూసి, ఒకరోజు కంచె దూకి లోపలికి వెళ్ళారట. ఆట అక్కడే వచ్చింది, వాళ్ళ కాంటొనీస్ భాష కూడా అక్కడే వచ్చింది. మా జట్టులో తొమ్మిదిమంది చైనీయుల అమ్మాయిలు, ఇద్దరు మలయ్ అమ్మాయిలు, నేను. వాళ్ళందరితో ఆయన మాట వెన్నపూస. వాళ్ళలో ఎవరైనా తప్పు చేస్తే మాత్రం గిర్రున నా వైపు తిరిగి తెలుగులో మొదలుపెట్టేవారు.

"ఏటే, ఎండిపోయిన కొబ్బరిమట్టలాగ నిలబడిపోనావు? ఆ పిల్ల బంతి ఒదిలేత్తే నువ్వేటి సేత్తన్నావు? కల్లు నెత్తి మీదున్నాయా?"

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఏమిటో నాకు ఆ కోర్టులోనే అర్థమైంది. ఆ దుత్తను నేను. మిగతావాళ్ళేమో ఆయన నాకేవో ఎత్తులు చెబుతున్నారనుకునేవాళ్ళు. "చెగు నీ ఒక్కదానికే రహస్యాలు చెబుతారు, నువ్వంటే ఆయనకు ప్రత్యేకం" అని కెప్టెన్ మూతి ముడుచుకునేది. మలయ్‌లో చెగు అంటే టీచరు; మేం మాటల చివర తగిలించే లా మాత్రం ఉత్త ఊతపదం. "ఎడమవైపు కాయమన్నారు లా" అని చెప్పి తప్పించుకునేదాన్ని. ఆయన నిజంగా అన్నది దున్నపోతు అని.

మా ఇంట్లో అప్పటికే తమిళమే ఎక్కువ. అమ్మ కోపం వస్తేనో, దేవుడి ముందు నిలబడితేనో తెలుగు మాట్లాడేది. ఇవాళ నేను నోరు తెరిచి నాలుగు ముక్కలు తెలుగు మాట్లాడుతున్నానంటే అందులో సగం మాస్టారి తిట్లే. అక్షరాలు తర్వాత సంఘం వాళ్ళ ఆదివారం బడిలో నేర్చుకున్నాను. ఈ ఒక్క రుణం ఒప్పుకోక తప్పదు.

ఇంకొకటీ ఒప్పుకోవాలి. ప్రాక్టీసుకు అరగంట ముందే తన పాత కప్‌చాయ్ మోటారు బండి మీద వచ్చి, కోర్టంతా తానే తుడిచేవారు. తుడిచాక వంగి అరచేత్తో నేల తడిమి చూసేవారు. మేం తుడుస్తామంటే ఒప్పుకునేవారు కాదు. "మీరు తుడిత్తే తడి మిగులుతాది. కాలు ఇరిగితే మీయమ్మకి నానేటి సెప్పాల?" అనేవారు. మూడేళ్ళలో ఆ కోర్టులో ఒక్కరూ జారిపడలేదు.

మెచ్చుకోవడం మాత్రం ఆయన వంశంలో లేదు. ఒకసారి ఫైనల్లో సగం పాయింట్లు నావే. ఆయన చక్కెర లేని టే ఓ, అంటే పాలు లేని టీ, చప్పరిస్తూ, "పొడుగ్గా పుట్టడం నీ గొప్పేటి? అది మీయమ్మ గొప్ప" అన్నారు. ఆ కప్పు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది.

ఆ ఫైనల్ చూడ్డానికే కౌలాలంపూర్ నుంచి ఒక జట్టు మేనేజరు వచ్చాడు. జీతానికి ఆడే జట్టు, పక్క దేశాలకు కూడా వెళ్ళి ఆడుతుంది. నాకు పంతొమ్మిదేళ్ళు, కాలేజీలో రెండో ఏడు. చదువు ఆపేసి వచ్చెయ్, రెండు వారాల్లో చెప్పు అన్నాడు. వెళ్ళాలంటే మా కోచ్ సంతకం కావాలని విడుదల ఉత్తరం నా చేతిలో పెట్టాడు. అమ్మ వెంటనే, "ఆడపిల్ల ఆడి జీతం తెత్తాదంటే ఒద్దంటామేటి? ఎల్లు లా" అంది. మన రంగు మొహం ఆ ఆటలో ఎప్పుడైనా కనబడిందా? నేను ఆ రాత్రికి ఆ రాత్రే జెర్సీ మీద ఏ నంబరు ఉండాలో కూడా ఆలోచించుకున్నాను.

మాస్టారు ఉత్తరం చదివి బల్ల మీద బోర్లా పెట్టారు.

"ఆల్లు నీ ఎత్తు కొంటన్నారు. నీ ఆట కాదు. నీకు ఎడం సెయ్యి నేదు. అక్కడ వాడతారు, నేర్పరు. ఒక్క ఏడాది ఆగు. నేర్చుకుని ఎల్లు."

"ఏడాది తర్వాత రాకపోతే?"

"వత్తారు. రాకపోతే నానే తీసుకెల్తాను."

నాకు పిచ్చి కోపం వచ్చింది. తాను పొందనిది ఇంకొకరు పొందుతుంటే చూడలేక ఏడుస్తున్నారనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. "మీకు కుల్లు మాస్టారూ. ఎస్టేటు దాటి మీరెక్కడ ఆడినారు?" అన్నాను. ఆయన బోర్డు మీద గీతలు చెరిపేసి, బండి తాళం తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఉత్తరం నా చేతిలో పెట్టారు. సంతకం ఉంది. "ఎల్తే ఎల్లు. ఉంటే నేర్పుతాను. నీ ఇష్టం లా. సుదా" అన్నారు. సుదా అంటే ఇంక చాలు అని. నీ ఇష్టం అనడం అదే మొదటిసారి, నాకు అదీ నచ్చలేదు.

ఆ సాయంత్రం ఒక్కదాన్నే కోర్టుకు వెళ్ళాను. ఆయన మాట తప్పని నిరూపించడానికే వెళ్ళాను. పరిగెత్తుకుంటూ వెళ్ళి, రింగు కింద ఎగిరి, ఎడమ చేత్తో బంతి వెయ్యాలి. ఇరవైసార్లు వేస్తే నాలుగు పడ్డాయి. నా ఎడమ చేతిలో బంతి మొహమాటపు చుట్టంలా ఉంది. చాలాసేపు అక్కడే కూర్చుని ఆయన్ని తిట్టుకున్నాను, ఆయన మాటలతోనే. తర్వాత మేనేజరుకు ఫోన్ చేసి ఏడాది గడువు అడిగాను. "ఫర్వాలేదు లా, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. పంతొమ్మిదేళ్ళ వయసులో చూద్దాం అన్నా ఇస్తాం అన్నా ఒక్కటే అనుకుంటాం.

ఆగింది నేనే. ఆ నిర్ణయం నాదే. అది నాకు తెలుసు. తెలిసినా కోపం ఆయన మీదే పెట్టుకున్నాను, ఎందుకంటే వత్తారు అన్నది ఆయన.

ఆ ఏడాది నరకం చూపించారు, ఎగిరి ఎగిరి నా మోకాలు వాచిపోయేది. తువ్వాలుతో నా కుడి చెయ్యి నడుముకు కట్టేసేవారు. కోర్టు బయట కూడా అన్నం తినడం తప్ప అన్నీ ఎడమ చేత్తోనే చెయ్యమన్నారు. పళ్ళు తోముకోవడం, తాళం తియ్యడం, రాయడం, అన్నీ. అలవాటు ఎంత ముదిరిందంటే, మా పిన్ని ఇంట్లో పేరంటానికి వెళ్ళి, వచ్చిన పెద్దావిడకి కుంకుమ భరిణె ఎడమ చేత్తో అందించాను. గదిలో మాటలు ఆగిపోయాయి. "పిల్లకి ఇదేటి నేర్పినావే" అని ఆవిడ అమ్మను పట్టుకుని దులిపేసింది. అమ్మ ఇంటికొచ్చి నన్ను దులిపింది. నేను కోర్టుకొచ్చి మాస్టారి మీద విరుచుకుపడ్డాను. ఆయన నవ్వారు. బల్ల పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. "అయితే వచ్చేసినట్టే లా సెయ్యి!" అన్నారు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఏడాది గడిచింది. ఎవరూ రాలేదు. మేనేజరు ఫోన్ ఎత్తలేదు. ఒకరోజు ఫోన్లో ఆ జట్టు ఫొటో కనబడింది, నాకంటే పొడుగు పిల్ల ఒకతి మధ్యలో నిలబడి ఉంది. ఫొటో తీసుకెళ్ళి మాస్టారి మొహం ముందు పెట్టాను. "వత్తారన్నారు కదా?" అన్నాను. ఆయన ఫోన్ నా చేతికి తిరిగిచ్చి, "పద. తీసుకెల్తానని కూడా అన్నాను కదా" అన్నారు.

మర్నాడు కౌలాలంపూర్ వెళ్ళాం. బ్రిక్‌ఫీల్డ్స్‌లో నాకు అరిటాకు భోజనం పెట్టించి, తాను తినకుండా ఎదురుగా కూర్చున్నారు. వాళ్ళ ప్రాక్టీసు హాలు బయట ప్లాస్టిక్ కుర్చీల్లో రెండు గంటలు కూర్చున్నాం. మేనేజరు బయటికొచ్చి కూడా ఫోన్ మీంచి తల ఎత్తలేదు. అప్పుడు మాస్టారు లేచి, చేతులు రెండూ ముందు కట్టుకుని, మెత్తటి మలయ్‌లో బతిమాలడం మొదలుపెట్టారు. "తోలోంగ్ లా, బోస్. ఒక్క ఐదు నిమిషాలు. పిల్ల ఆట చూడండి. తప్పు పిల్లది కాదు, నేనే ఆపాను." దున్నపోతు అని అరిచే ఆ గొంతు అంత వంగుతుందని నాకు తెలియదు. నాకు చచ్చిపోవాలనిపించింది. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా అంత అవమానం అనిపించలేదు.

ఐదు నిమిషాలు ఇచ్చారు. ఎడమ చేత్తో పది వేశాను. పదీ పడ్డాయి. "బాగుంది. ఖాళీ లేదు" అన్నాడు మేనేజరు.

అదీ నా కథ. మళ్ళీ ఎవరూ పిలవలేదు. చదువు పూర్తిచేశాను. ఇపోలోనే చేతి తొడుగుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం. బతుకు బాగానే ఉంది, అందుకే నా కోపాన్ని ఎవరూ పట్టించుకోరు. చూశావా, చదువుకోబట్టి బాగుపడ్డావు, మాస్టారి పుణ్యమే అంటారు. అలా అన్నవాళ్ళను నేను పెళ్ళిళ్ళలో తప్పించుకు తిరుగుతాను. పంతొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. రింగు కింద స్తంభంలా నిలబెట్టి రెండేళ్ళలో వదిలేసేవాళ్ళేమో. అయినా అది నేను నా ఒంటితో తెలుసుకోవాల్సిన సంగతి.

ఉగాదికి సంఘంలో ఆయన కనబడేవారు. ప్రతిసారీ దూరం నుంచే, "మోకాలెలాగుంది?" అని అడిగేవారు. "బాగుంది" అనేదాన్ని. పదమూడేళ్ళలో మా మాటలన్నీ అంతే. ఆయన శవం దగ్గర కూడా నేను వెనకాలే నిలబడ్డాను. "మీరు ఆయన శిష్యురాలా?" అని ఎవరో అడిగితే చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.

ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది ఒకటుంది. కౌలాలంపూర్ నుంచి తిరుగు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాను. ఆయన మొహం చూడ్డం ఇష్టం లేక. స్లిమ్ రివర్ ఊరు దాటాక పక్క నుంచి గొంతు వినబడింది.

"తప్పు నాదేనమ్మా. నిన్నాపకుండా ఉండాల్సింది నాను."

నన్ను అమ్మా అనడం అదే మొదలు, అదే ఆఖరు. కాసేపాగి, "ఇనబడిందేటి?" అన్నారు.

నా ఫోన్ చార్జింగ్ మధ్యాహ్నమే అయిపోయింది. చెవుల్లో పాట ఏదీ లేదు. ప్రతి మాటా వినబడింది. నేను కదల్లేదు. ఆయన బాధపడాలి, ఇంకొంచెం బాధపడాలి అనుకున్నాను. సాయంత్రపు ఎండ నా మొహం మీద పడుతోంది. ఆయన సీట్లోంచి సగం లేచి, నాకు తగలకుండా నా మీదుగా చెయ్యి చాచి, కిటికీ తెర మెల్లగా లాగారు. అది కురచ తెర, బస్సు కుదుపుకి వెనక్కి జారిపోతోంది. ఇపో వచ్చేదాకా దాని అంచు అలా పట్టుకునే కూర్చున్నారు. నేను కళ్ళు తెరవలేదు.