సొరుగులో రిఫండ్లు

రాజమండ్రిలో మా టీచర్ల ఇన్‌కంటాక్సు ఫారాలన్నీ ఒక టాక్సు ఏజెంటుగారే నింపేవారు. "రిఫండు నేను తెప్పిస్తానండి" అనేవారు, తన జేబులోంచి ఇస్తున్నట్టు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది.

నేను మొదటిసారి రిటర్ను వేసిన ఏడాది, జీతంలో ఎక్కువగా కోసిన 1,840 రూపాయలు వెనక్కి రావాలి. ఏడు నెలలు చూసి టాక్సు ఆఫీసుకే వెళ్లాను. చెక్కు పంపి నలభై రోజులైందట. ఫారంలో నా అడ్రసు బదులు ఆయన తన అడ్రసు రాసుకున్నారు.

నేరుగా ఆయన దగ్గరికి వెళ్లాను. సొరుగు లాగి, నా చెక్కు చూపించి, "ఎంత తిరిగానో మీకేం తెలుసమ్మా. మూడొందలు ఇప్పించండి" అన్నారు.

"అది నా జీతమండి. మీరు తెప్పించిందేంటి, దాచడం తప్ప?" అని చెక్కు లాక్కున్నాను.

సొరుగులో దాని కింద మా లెక్కల మాస్టారి రిఫండు చెక్కు ఉంది. గడువు దాటి రెండు నెలలైంది.

"మరి ఇదేంటండీ?"

"ఆయన కమీషన్ ఇవ్వనన్నారండి" అన్నారు, తప్పంతా మాస్టారిదే అయినట్టు.