తారాబాయి అడిగిన సలహా

లక్సెట్టిపేట చుట్టుపక్కల ఎనిమిది బడులల్ల తారాబాయి అంటే తెల్వని పంతులు లేడు. ఇరవై రెండేండ్లు పిల్లలకు చదువు చెప్పిన మనిషి. పందొమ్మిది వందల తొంభైల, తోటి టీచర్లకు పాఠం ఎట్ల చెప్పాల్నో చూపే పని ఆమెకు అప్పజెప్పిండ్రు. బడికి పోయి పిల్లల నడుమనే కింద కూసుండి పాఠం వినేది. అయినంక టీచరును బయటికి పిలిచి, పిల్లల చెవిన పడకుండ మెల్లగ రెండు మాటలు చెప్పేది.

మరుసటేడు వానకాలంల గోదారి ఒడ్డున ఒక ఊర్ల బడి చెప్పే రాయమల్లు సారు సైకిల్ మీదికెల్లి బురదల పడ్డడు. తొడ ఎముక ఇరిగింది. ఆ బడికి ఆయనొక్కడే దిక్కు. మండల విద్యాధికారి భూపాల్‌రావు తల పట్టుకొని కూసున్నడు.

"ఒక్క టీచరు గూడ ఖాళీగ లేరు మేడం. రెండు నెలలు బడికి తాళమేసుడేనా?"

"తాళమెందుకు సార్? నేను పోత."

"మరి మీ ఎనిమిది బడులు?"

"గవి గూడ ఇడిచిపెట్ట."

అన్నంత అల్కగ గాలే. ఐదు తరగతులు, యాభై నలుగురు పిల్లలు, అందరు కూసునేటందుకు ఒక్కటే అర్ర. పొద్దంత అక్కడ చెప్పి, బడి ఇడిచినంక బస్సు పట్టుకొని ఇంకో ఊరికి పోతే, అక్కడి టీచర్లు ఇంటి దారిల ఎదురొచ్చేటోళ్లు. చూడని పాఠానికి ఏం సలహా చెప్తది?

ఇటు తన సలహాలు తనకే పనికిరాలే. చింతగింజలతోని లెక్కలు చెప్పుండ్రని అందరికి చెప్పిన మనిషి, మూడో తరగతికి గింజలు పంచి అటు తిరిగేసరికి ఒకటో తరగతోళ్లు గుంజుకొని కొట్లాడుతుండ్రి. ఒకనాడు ఓపిక సచ్చి, కొమురవ్వ అనే ఆరేండ్ల పిల్లను ఈపు మీద ఒక్కటేసింది. పిల్ల ఏడ్వలే, బిత్తరపోయి చూసింది.

శనివారం టీచర్ల మీటింగుల దాచుకోకుండ చెప్పింది. "పిల్లల్ని కొట్టొద్దని మీతోని అన్న. నేనే కొట్టిన. మీకు చెప్పిన ముచ్చట నాతోనే గాలే."

మీటింగుల ఎప్పుడూ ఎదురు మాట్లాడే సిద్దిరాములు సారు లేచిండు. "ఏడాది సంది మేం గదే మొత్తుకుంటున్నం మేడం. ఒక్కరికి ఐదు తరగతులుంటే గీ పద్ధతి నడువది."

"నిజమే సార్. నేను ఇనలే. జర వచ్చి నా పాఠం చూడుండ్రి. ఏడ తప్పుతున్ననో చెప్పుండ్రి."

సోమవారం తన బడి పిల్లల్ని, ఈ ఏడే తోడుగ వచ్చిన సారుకు అప్పజెప్పి సిద్దిరాములు వచ్చిండు. పూటంత కూసుండి చూసిండు. అయినంక ఆమెను చూరు కిందికి పిలిచిండు.

"మీరు ఐదు పాఠాలు చెప్తుండ్రు మేడం. రెండే చెప్పుండ్రి. ఒకటి, రెండు తరగతులు ఒక జట్టు, మిగిలినోళ్లు ఒక జట్టు. పెద్దోళ్లు రాసుకునేటప్పుడు చిన్నోళ్లను పట్టుకోండ్రి. గింజలు మీరు పక్కన ఉన్న జట్టుకే ఇయ్యుండ్రి."

ఆమె అన్నీ నోటుబుక్కుల రాసుకున్నది. తెల్లారి కొమురవ్వను పక్కన కూసోబెట్టుకొని, "కొట్టుడు నా తప్పు బిడ్డా" అన్నది. వారం దాటేసరికి అర్రల లొల్లి తగ్గింది.

అప్పటిసంది ప్రతి బుధవారం ఇద్దరిద్దరు టీచర్లు, భూపాల్‌రావు ఒప్పుకోంగ తమ బడిని ఒంటిపూటకు ఇడిచి, ఆ బడికే వచ్చేటోళ్లు. ఆమె చెప్తుంటే వాళ్లు చూసేటోళ్లు, వాళ్లు చెప్తుంటే ఆమె చూసేది. దసరా ముంగట రాయమల్లు సారు కట్టె పట్టుకొని కుంటుకుంట వచ్చేదాక రెండు పనులూ నడిచినయ్.

భూపాల్‌రావు మురిసిండు. "మీ గురించి పై ఆఫీసుకు రాస్త మేడం."

"నా గురించి వద్దు సార్. ఆ బడికి ఇంకో టీచరు కావాలె అని రాయుండ్రి."

రాసిండు. జనవరిల ఇంకో సారు వచ్చిండు.