మైకు ఇవ్వని మైకు వీర్రాజు గారు

ధ్వని పాఠం ముప్ఫయ్యేళ్లు చెప్పినవాణ్ని నేను. గోడకు తగిలిన శబ్దం ఎంతసేపటికి తిరిగొస్తే ప్రతిధ్వని అంటారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలాంటివాణ్ని, నా తరగతి గదిలో నా మాటే గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి నా తర్వాతి మాటను మింగేస్తోందని నెలల తరబడి గ్రహించలేకపోయాను. గొంతు సవరించుకోవడం తెలుసు కానీ గదిని సవరించుకోవచ్చని తెలియదు. ఈ తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

నిన్న ఉదయం మా ముందు గదిలో స్పీకరు ఒక కూత పెట్టింది. లావుగా మొదలై, సన్నబడుతూ సన్నబడుతూ దోమ రొదంత అయి ఆగింది. మా అమ్మాయి ఫోనులో పెట్టిచ్చిన పాటల యాప్ నన్నడగకుండా కొత్త అవతారం ఎత్తింది. మీ గదిని కొలుస్తాను, ఫోను పట్టుకుని నెమ్మదిగా నడవండి అంది. నడిచాను. సోఫా చుట్టూ, బీరువా దాకా, ఫోనును హారతి పళ్లెంలా తిప్పుకుంటూ. అంతా అయ్యాక గది సరిపోయిందని ప్రకటించింది. గది ఎక్కడిదక్కడే ఉంది. పాట మాత్రం మెడకు మఫ్లరు చుట్టుకుని పాడినట్టు తయారైంది. మళ్లీ పాత పద్ధతికి మారుద్దామంటే ఆ మీట లేదు. ఏం మార్చారో చూద్దామంటే, కొన్ని లోపాలు సవరించి కొన్ని మెరుగులు దిద్దామని ఒకే ఒక్క వాక్యం. ఏ లోపాలు, ఏ మెరుగులు అన్నది వాళ్లకూ దేవుడికీ తెలియాలి. విసుగొచ్చి ఫోను బోర్లా పడేశాను. అప్పుడు గుర్తొచ్చారు వీర్రాజు గారు. నిజానికి ఆయన నన్ను ఈ యాప్ కంటే పదిరెట్లు విసిగించారు.

తొంభైల మొదట్లో రాజోలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరాను. తాత్కాలిక ఉద్యోగం. కాలేజీ కంటే ముందు ఆ కట్టడం కొబ్బరికాయల గోదాము. కాయలు పాఠం వినవు కనుక కట్టినవాళ్లు ఆ సంగతి ఆలోచించలేదు. పొడవాటి గది, నున్నటి సిమెంటు గోడలు, పైన రేకులు. మూడో బెంచీ దాటితే నా మాట ముద్దయిపోయేది. నేను గొంతు పెంచితే గది కూడా పెంచేది. మిరియాల పాలు తాగాను, పిల్లల్ని తిట్టాను, రెండూ పనిచెయ్యలేదు. అర్ధ సంవత్సర పరీక్షల్లో వెనక బెంచీలు మొత్తంగా తప్పాయి.

ప్రిన్సిపాల్ గారు పిలిచి కాఫీ ఇప్పించారు. కాఫీ ఇప్పించేరంటేనే భయపడాలని తర్వాత తెలిసింది. "మీ చదువు మీద నాకేం అనుమానం లేదండి. పిల్లలకి అందట్లేదు, అంతే. పబ్లిక్ పరీక్షల్లో కూడా ఇలాగే అయితే పై ఏడాదికి ఇంకొకర్ని చూసుకోవాలి" అన్నారు. ఇంటికొస్తే మస్కట్ నుంచి మా బావగారి ఉత్తరం. స్టోరులో సామాన్లు చూసుకునే పని ఉందనీ, నోరు తెరవాల్సిన అవసరం పెద్దగా ఉండదనీ రాశారు. అది నాకోసమే పుట్టిన ఉద్యోగంలా అనిపించింది. నేను మాస్టారిగా పనికిరానని అప్పటికే లోపల తీర్మానం అయిపోయింది. పాస్‌పోర్టు కాగితాలు తెచ్చుకున్నాను. చివరి ప్రయత్నంగా సెంటర్లో వీర్రాజు గారి మైకుసెట్ల కొట్టుకు వెళ్లాను.

యాభై దాటిన మనిషి. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, పెళ్లిళ్లకూ తీర్థాలకూ మైకులు కడుతూ రాజోలు తాలూకాలో ప్రతి పందిరి కిందా నిలబడినవాడు. ఏదో ఆంప్లిఫయరు విప్పి కూర్చున్నారు.

"ఒక మైకూ, ఒక చిన్న బాక్సూ కావాలండి. రోజూ."

"పెళ్లాండి?"

"పాఠమండి."

ఆయన తలెత్తేరు. "ఎంతమందండి పిల్లలు?"

"అరవై మంది."

"అరవై మందికి మైకెందుకండి మేస్టారూ? గొంతు నెప్పా?"

"గొంతు బానే ఉందండి. గదిలోనే వినపడట్లేదు."

"అయితే మైకు పెడితే ఆ వినపడంది ఇంకా గట్టిగా వినపడకుండా పోద్దండి. ఆదివారం వచ్చి గది చూస్తాను."

"మరి మైకు?"

"ఇవ్వనండి" అని మళ్లీ ఆంప్లిఫయరులో తల దూర్చేశారు.

ఆదివారం రెండు చెక్కముక్కలతో వచ్చారు. గది మధ్యలో నిలబడి వాటిని ఠప్పున కొట్టారు. ఆ వెనకే గోడల మధ్య రేకు డబ్బాలో గులకరాళ్లు దొర్లినట్టు ఒక మోత. తల వంచి అది ఆగేదాకా విన్నారు. రెండడుగులు జరిగి మళ్లీ ఠప్. ప్రతిచోటా నేల మీద సుద్దతో ఏదో గుర్తు. తర్వాత నన్ను ఒక్కో బెంచీలో కూర్చోబెట్టి, తాను బోర్డు దగ్గర నిలబడి బస్సు స్టాపుల పేర్లు ఒకే తీరున చదివారు. తాటిపాక, మలికిపురం, శివకోడు, అంతర్వేది. నాకు అందినవి నేను రాసుకోవాలి. బెంచీ మారగానే వరస మార్చి మళ్లీ చదివేవారు. పన్నెండు బెంచీలు అయ్యేసరికి నాకు ఏదో ఒక బస్సెక్కి పారిపోవాలనిపించింది.

"ఇప్పుడేం చెయ్యాలండి?" అన్నాను.

"ఇంకా తెలీదండి. ఎక్కడ వినపడట్లేదో తెలిసింది. ఎందుకో తెలీదు. వచ్చే ఆదివారం చూద్దారి."

రెండో ఆదివారం చేసిందల్లా, నేను అలవాటుగా నిలబడే మూల నుంచి నన్ను నాలుగడుగులు ముందుకు తీసుకురావడం. మూలలో గొంతు ఉబ్బిపోతోందట. పనిలో పనిగా గోడలకు ఏదైనా కట్టేద్దాం, కిటికీలు తెరిచేద్దాం అని తొందరపెట్టాను.

"ఒక్కసారికి ఒక్కటేనండి. రెండూ కదిపితే ఏది పనిచేసిందో మీకు తెలుస్తాదా? నాకైతే తెలీదు."

మళ్లీ పన్నెండు బెంచీలు. మళ్లీ తాటిపాక, మలికిపురం. ఇంట్లో మా ఆవిడ అడిగింది, "ఆదివారం పిల్లలే రారు కదా, ఎవరికి చెబుతున్నారండీ పాఠం?" అని.

"చెప్పట్లేదు, వింటున్నాను."

"అదేదో ఇంట్లో కూడా అలవాటు చేసుకోండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మూడో ఆదివారం కొబ్బరి పీచు పట్టాలు తెచ్చి వెనక గోడకు వేలాడదీశారు. గులకరాళ్ల మోత సగానికి సగం పోయింది. నాలుగో ఆదివారం పక్క గోడకు. రెండో పక్కకూ కడదామంటే ఒప్పుకోలేదు. "రెండు గోడలూ నున్నగా ఎదురెదురుగా లేకపోతే చాలండి. అన్నీ కప్పేస్తే మీ మాట పరుపులో పడి చచ్చిపోద్ది." అయిదో ఆదివారం నేను వెళ్లేసరికి, కట్టిన పట్టాలన్నీ విప్పి కింద పడేస్తున్నారు.

"ఇదేంటండీ, తీసేస్తున్నారు?"

"అవి లేకపోతే ఎలాగుండేదో మర్చిపోయేనండి. ఒకసారి విని మళ్లీ కడదారి."

అప్పటిదాకా పట్టుకున్న సహనం తెగిపోయింది. "ఇక్కడ నా ఉద్యోగం పోతోందండి. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. పిల్లలు తప్పితే నేను మస్కట్ పోయి సామాన్లు లెక్కపెట్టుకోవాలి. మీకు ఇది ఆటగా ఉంది" అని అరిచాను. పట్టాలు లేని ఆ గది నా కోపాన్ని రెండింతలు చేసి నాకే వినిపించింది.

వీర్రాజు గారు పట్టా కింద పెట్టి బెంచీ మీద కూర్చున్నారు. "ఈ సంగతి ముందే చెప్పాల్సిందండి."

"చెబితే తొందరగా చేసేవారా?"

"లేదండి. ఇంకో ఆదివారం ఎక్కువ కొలిచేవోణ్ణి."

సాయంత్రానికి పట్టాలు మళ్లీ కట్టేశారు. మర్నాడు పిల్లలున్నప్పుడు వచ్చి, కిటికీ అవతల నిలబడి పాఠమంతా విన్నారు. మనుషులు కూర్చుంటే గది వేరే గది అయిపోతుందట. నేను బయటికొచ్చాక అన్నారు, "గదికి చెయ్యాల్సింది అయిపోయిందండి. ఇంకొక్కటే మిగిలింది."

"ఏంటండి?"

"మీరేనండి. మాట చివర మింగేస్తున్నారు. బోర్డు వైపు తిరిగి బోర్డుకి చెబుతున్నారు. అది గది తప్పు కాదు."

నాకు చురుక్కుమంది. "మొదటి రోజే చెప్పొచ్చు కదండీ. అయిదు ఆదివారాలు మిగిలేవి."

"మొదటి రోజు చెబితే మొత్తం తప్పు మీదేననుకునేవోరండి" అన్నారు ఆయన, చెక్కముక్కలు సంచిలో వేసుకుంటూ. "అప్పటికే సగం అనుకునే వచ్చేరు."

తప్పును గదికీ మనిషికీ విడివిడిగా పంచడం అంతవరకూ నాకెవరూ నేర్పలేదు. ఆ తర్వాత ఎన్నో గదులు మారాను. ఏ పిల్లవాడైనా వెనకబడితే ముందు వాడు కూర్చున్న చోటు చూశాను, తర్వాత నేను నిలబడ్డ చోటు, అన్నీ అయ్యాకే వాణ్ని. ఒక్కసారికి ఒక్కటే. ఇప్పటికీ అంతే.

ఆ ఏడాది వెనక బెంచీల్లో ముగ్గురు తప్ప అందరూ గట్టెక్కారు. ప్రిన్సిపాల్ గారు మళ్లీ కాఫీ ఇప్పించారు కానీ ఈసారి పై ఏడాది టైంటేబుల్ చేతికిచ్చారు. మస్కట్‌కు రాలేనని ఉత్తరం రాశాను. అన్నీ కుదుటపడ్డాక నాకు ఆ అయిదు ఆదివారాల కక్ష మిగిలిపోయింది.

పై ఏడాది, కొత్త పిల్లలొచ్చాక, ఏదో తీగ చూడాలని అబద్ధం చెప్పి వీర్రాజు గారిని తరగతికి రప్పించి చివరి బెంచీలో కూర్చోబెట్టాను. "నాకెందుకండి ఇయన్నీ, కొట్టు తెరిచుంచి వచ్చేను" అని లేవబోయారు. తలుపు దగ్గరగా వేశాను. ఆ రోజు పాఠం విద్యుత్ నిరోధం. ముప్ఫయ్యేళ్లుగా తీగలు కలుపుతున్న మనిషికి అంతకంటే తేలికైన పాఠం ఉండదనుకున్నాను. మాట మింగకుండా, పిల్లల వైపే తిరిగి, ఇరవై నిమిషాల్లో ముగించి, "చివరి బెంచీలో పెద్దాయన లేచి చెప్పాలి. నిరోధం అంటే ఏమిటి?" అన్నాను.

అరవై తలలు వెనక్కి తిరిగాయి. వీర్రాజు గారు భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డారు. నా వైపు చూశారు, బోర్డు వైపు చూశారు.

"వినపడిందండి" అన్నారు ఎంతో వినయంగా. "ప్రతి మాటా వినపడింది. అర్థం కాలేదండి."

పిల్లలు విరగబడి నవ్వారు. నేను బోర్డు మొత్తం తుడిచేసి, పాఠం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. గంట కొట్టేదాకా ఆయన్ని కదలనివ్వలేదు.