ఎనిమిదో నంబరు బూట్లు

ఎనభైల మధ్యలో మా కాలేజీ వార్షికోత్సవ సంచిక వేస్తూ, బాస్కెట్‌బాల్ జట్టు చరిత్ర రాసిమ్మని నన్ను అడిగారు. డెబ్బైల చివర ఆ జట్టుకు కెప్టెన్‌ని నేనే కాబట్టి కాదనలేకపోయాను.

చరిత్ర అంటే పెద్ద మాట. మాకు ఉన్నదల్లా హాస్టల్ వెనక మొరం నేల, చెక్కపలకలకు బిగించిన రెండు ఇనుప రింగులు, వానకు తడిస్తే గుమ్మడికాయంత బరువెక్కే ఒక తోలు బంతి. గీతలు సున్నంతో మేమే గీసుకునేవాళ్లం. బర్రెలు అడ్డంగా నడిచిపోతే ఫ్రీ త్రో గీత ఎక్కడుండాలో మళ్లీ పంచాయితీ. బంతి కుట్లు ఊడితే హనుమకొండ చౌరస్తాలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, కాళ్లకు వేసుకునేదైతే ఇన్ని తిప్పలు ఉండవని సణుగుతూనే కుట్టిచ్చేవాడు.

అన్నిటికంటే విచిత్రం బూట్లు. మేం ఎనిమిది మందిమి. కాలేజీ ఇచ్చిన, చీలమండ దాకా వచ్చే కాన్వాస్ బూట్లు ఐదు జతలు. మా నేల మీద ఒట్టికాళ్లతోనే ఆడేవాళ్లం గానీ, పోటీల్లో బూట్లు లేకపోతే రిఫరీ సిమెంటు కోర్టులో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. అందుకని మనిషి మారాలంటే బూట్లు మారాలి. మా ఫిజికల్ డైరెక్టర్, అంటే పీడీ సార్, టైమౌట్ అడిగేది అందుకే. అవతలి జట్టు గుండ్రంగా నిలబడి ఎత్తులు వేసుకుంటుంటే, మేం గీత బయట చతికిలబడి లేసులు విప్పుకునేవాళ్లం. చూసేవాళ్లు నవ్వేవాళ్లు. మేమూ నవ్వేవాళ్లం, గెలుస్తున్నప్పుడు మరీను.

నా పాదం ఎనిమిదో నంబరు. జట్టులో ఆ కొలత ఇంకొకడికే ఉంది. నెక్కొండ నుంచి రోజూ పాసింజర్ బండిలో వచ్చే మా క్లాస్‌మేట్. ఇంట్లో కౌలు వ్యవసాయం. వాడు ఆడాలంటే నేను దిగాలి. ఏడాది తిరిగేసరికి వాడు నాకంటే బాగా ఆడుతున్నాడని జట్టులో అందరికీ తెలిసిపోయింది. నాకు అందరికంటే ముందే తెలుసు.

డిగ్రీ ఆఖరి సంవత్సరం కాలేజీల పోటీలో ఫైనల్‌కు వచ్చాం. ఆ ఆట చూసి యూనివర్సిటీ జట్టుకు ఎంపిక చేస్తారన్నారు. యూనివర్సిటీకి ఆడిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దాదాపు ఖాయం. తను రైల్వేలోనే చేరతానని, ఇన్నేళ్లు తనను దబాయించిన టీసీని పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ తాగుతానని వాడు ముందురోజు మమ్మల్ని నవ్వించాడు. నేనూ నవ్వాను. మర్నాడు పొద్దున కోర్టు పక్క నల్లా కింద లేసులు తడిపి, ఒకదాని మీద ఒకటి మూడు ముళ్లు వేసి బిగించాను. వరంగల్ బజారులో మా నాన్న దుకాణంలో మూటలు కట్టిన చేతులు నావి. తడిపి బిగించిన నూలు ముడి ఆరాక గోటికి లొంగదని తెలుసు.

రెండో సగంలో నాకు ఊపిరి అందలేదు. వరసగా నాలుగు షాట్లు పోగొట్టాను. పీడీ సార్ టైమౌట్ తీసుకుని నావైపు వేలు చూపించారు. వాడు అప్పటికే సాక్సులు వేసుకుని నా ముందు కూర్చున్నాడు. నేను ముడి మీద వేళ్లు ఆడించాను.

"ఏందిరా, అది లేసా బ్రహ్మముడా?" అన్నారు సార్, గడియారం చూసుకుంటూ.

వాడు వంగి గోళ్లతో ప్రయత్నించాడు. తర్వాత పళ్లతో. విజిల్ పడింది. నేను లేచి మళ్లీ ఆటలోకి వెళ్లాను. సార్ దగ్గర ఇంకో టైమౌట్ మిగల్లేదు.

ఓడిపోయాం. అయినా ఎంపిక జాబితాలో మా కాలేజీ నుంచి ఒక పేరు ఉంది, నాది. మొదటి సగంలో బాగా ఆడానట. ఆ సర్టిఫికెట్‌తోనే నాకు సర్కారు కొలువు వచ్చింది. వాడు డిగ్రీ కాగానే కౌలు పొలంలోకి దిగాడు.

చరిత్ర రాస్తూ ఆ ఫైనల్ దగ్గర ఆగిపోయాను. 'లేసు ముడిపడి ఆటగాణ్ణి మార్చలేకపోయాం' అని రాసి, కొట్టేసి, ఆదివారం నెక్కొండ బండెక్కాను. వాడు కల్లంలో మిర్చి ఆరబోస్తున్నాడు. కెప్టెన్ సాబ్ వచ్చిండు, జర జరుగుండ్రి అని ఇంట్లోవాళ్లను హడావుడి పెట్టాడు. చాయ్ అయ్యేదాకా ఆగి, చెప్పేశాను.

వాడు మిర్చి తిరగేస్తూనే ఉన్నాడు. "నాకు గప్పుడే ఎరుకరా. ముడి ఇప్పేటోని చేతులు, ఇప్పనోని చేతులు ఒక్కతీర్గ ఉంటయా?"

"మరి గప్పుడే ఎందుకు అడగలేదురా?"

"నువ్వే చెప్తవని చూసిన. శానా ఏండ్లు పట్టింది నీకు."

క్షమించమని అనబోతే విననట్టే లేచి, అన్నం తిని పొమ్మన్నాడు. తింటుంటే, మరి చరిత్రలో ఏం రాస్తావని అడిగాడు. నువ్వు ఆడి ఉంటే గెలిచేవాళ్లమని రాస్తానన్నాను.

"గది ఎవలకు ఎరుక? నేను గూడ పోగొడుదునో ఏమో. గట్ల రాయకు. నన్ను ఆడనియ్యలేదని రాయి. గంతే."

అలాగే రాశాను. సంచిక చూస్తున్న లెక్చరర్ చదివి, పండుగ పూట ఇవన్నీ ఎందుకని ఆ పేరా తీసేసి, రాతప్రతిలో నేను కొట్టేసిన వాక్యాన్నే మళ్లీ పెట్టారు. ప్రెస్సుకు వెళ్లడానికి ఇంకా రెండు రోజులున్నాయి. కాదనవచ్చు. అనలేదు. పైగా లోపల కాస్త హాయిగా కూడా అనిపించింది. అచ్చయిన సంచిక వాడికి పంపలేదు. వాడే ఎవరి దగ్గరో తీసుకుని చదివాడని తర్వాత తెలిసింది.

వాడు అడిగింది ఒక్క వాక్యం. ఇన్నేళ్ల తర్వాత, ఎవరూ దిద్దని చోట రాస్తున్నాను: ఆ ఫైనల్లో వాణ్ణి నేను ఆడనివ్వలేదు.