సగం దగ్గర మారే పళ్లేలు

ఇంట్లో అందరూ అతన్ని లిఫ్టు బావ అనేవారు. అతను బావ వరస కానివాళ్లు కూడా అలాగే పిలిచేవారు. అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో లిఫ్టులు బాగుచేయడం అతని పని. లిఫ్టు కింది గుంటలోకి దిగి పట్టాలకి గ్రీజు రాసి, పైకొచ్చి మోటారుకి చెవి ఒగ్గి నిలబడితే ఇక ఎవరు పిలిచినా వినిపించేది కాదు. "మీ బావ పైకీ కిందకీ చూస్తాడు గానీ పక్కకి చూడడే" అని భార్య తన చెల్లెలితో చెప్పి నవ్వేది.

ఆవిడకి ఒక సరదా ఉండేది. వాళ్లుండే శివారులో స్టేషను పక్కన ఒక ఇటాలియన్ హోటలు, టైర్ల దుకాణం పై అంతస్తులో ఒక ఫ్రెంచి హోటలు, ఇంకాస్త ముందుకెళితే నీలం తలుపుల గ్రీకు హోటలు ఉన్నాయి. తీరిక దొరికిన శనివారం సాయంత్రం భర్తని వెంటబెట్టుకుని వాటిలో ఏదో ఒకదానికి వెళ్లేది. అతను మెనూ కార్డు తెరిచేవాడే కాదు. "నీకు నచ్చింది చెప్పేయ్" అనేవాడు. ఆవిడ రెండు రకాలు చెప్పి, ఒకటి అతని ముందుకి తోసి, ఒకటి తను ఉంచుకునేది. సగం అయ్యాక పళ్లేలు మార్చేసేది.

మొదట్లో అతను సిగ్గుపడ్డాడు. "ఎంగిలి కదే. అందరూ చూస్తున్నారు."

"మొగుడూ పెళ్లాల మధ్య ఎంగిలేంటి? చూస్తే చూడనీ. వాళ్లకి ఒక్క రుచే, మనకి రెండు."

అలా ఏళ్లు గడిచాయి. చలి మొదలవుతున్న రోజుల్లో ఆవిడ జ్వరమని పడుకుంది, ఆస్పత్రికి వెళ్లింది, తిరిగి రాలేదు.

లిఫ్టు బావ ఏడవలేదు. వచ్చినవాళ్లు వచ్చారు, వెళ్లినవాళ్లు వెళ్లారు, అతను పనిలోకి వెళ్లిపోయాడు. ఆకలి వేస్తున్నదీ లేనిదీ తెలిసేది కాదు. పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లెత్తే మరదలు రెండు వీధుల అవతలే ఉంటుంది. ఏదో ఒకటి వండి డబ్బా పట్టుకొచ్చేది. నిన్నటి డబ్బా మూత తీస్తే పెట్టింది పెట్టినట్టే ఉండేది.

"నీకేది ఇష్టమో ఒక్కటి చెప్పు బావా, అదే చేసి పెడతాను. నేనేమన్నా సోది చెప్పేదాన్నా?"

చెప్పాలనే చూశాడు. ఎంత వెతుక్కున్నా నోటికి ఒక్క పేరూ రాలేదు. ఏ మాటా అంటని మనిషికి అదొక్కటి పట్టుకుంది. జుట్టు నెరిసిన మనిషికి తనకేది ఇష్టమో తెలియకపోవడం ఏమిటి? గుంటలో కూర్చుని కేబుళ్లు చూస్తున్నప్పుడూ అదే ఆలోచన. చివరికి, "ఇటాలియన్ హోటల్లో నా పళ్లెమంటూ ఒకటుండేది. అదేదో తెలిస్తే చెప్తాను" అన్నాడు.

శనివారం ఇద్దరూ వెళ్లారు. నడివయసు సర్వరు అతన్ని గుర్తుపట్టి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఆగిపోయాడు.

"మా అక్క పోయింది" అంది మరదలు.

"అయ్యో" అని సర్వరు మంచినీళ్ల గ్లాసులు సర్దాడు. తర్వాత మెల్లిగా, "మామూలువే తెమ్మంటారా సార్? లజాన్యా ఒకటి, పుట్టగొడుగుల రిసోట్టో ఒకటి" అన్నాడు.

"వాటిలో నాది ఏది?"

"నేను రెండూ మధ్యలో పెట్టి వెళ్లేవాణ్ణి. అమ్మగారే సర్దుకునేవారు. మళ్లీ వచ్చేసరికి ఇటుది అటు, అటుది ఇటు. మీ ఇద్దరి లోగుట్టు నాకేం తెలుసు సార్?"

"రెండూ తెచ్చేయండి" అంది మరదలు.

రెండూ పొగలు కక్కుతూ వచ్చాయి. అతను లజాన్యా దగ్గరికి లాక్కుని ఫోర్కు గుచ్చాడు. పాస్తా పొరలు పక్కకి జారాయి. కరిగిన చీజు తీగలా సాగింది. నోట్లో పెట్టుకోగానే నాలుక చుర్రుమంది. ఫోర్కు కింద పెట్టేశాడు.

"ఏమైంది?"

"ఇది నాది కాదు."

"ఒక్క ముక్కకే తెలిసిపోయిందా?"

"దీన్ని వేడిగా నేనెప్పుడూ తినలేదమ్మా. నా దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోయి, ఇటుక కోసినట్టు తెగేది. ఇలా జారుతుందని నాకు తెలియదు."

మరదలు పళ్లేలు మార్చింది. అతను ఫోర్కు గుచ్చిన మూల కోసి పక్కకి నెట్టి, మిగిలిన లజాన్యా తను మొదలుపెట్టింది. అతను రిసోట్టోలో చెంచా పెట్టాడు. జావలా వండిన ఆ అన్నం పలచగా, వేడిగా, మిరియాల ఘాటుతో ఉంది. ఇదే. తలెత్తకుండా తింటూ పోయాడు. సగం దగ్గర చెయ్యి దానంతటదే పళ్లెం అంచు పట్టుకుని ఎదుటికి తోసింది.

మరదలి చెయ్యి ఆగింది. "నేను ఎంగిలి తినను కదా బావా" అంది, గొంతు తగ్గించి.

"అవునవును." వెనక్కి లాక్కున్నాడు.

మిగతా సగం తినడం అదే మొదటిసారి. చల్లారేకొద్దీ అది చిక్కబడి, గోడలకి కాగితాలంటించే మైదా జిగురులా చెంచాకి పట్టుకుంది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు.

"ఇదిలా అయిపోతుందని మీ అక్క ఎప్పుడూ అనలేదు."

"మరేమనేది?"

"బాగుంది అనేది."

మరదలు మొహం తిప్పుకుని ముక్కు తుడుచుకుంది. తనకీ ఏమైనా అనిపిస్తుందేమోనని అతను కాసేపు చూశాడు. ఏమీ అనిపించలేదు. కిటికీ అవతల స్టేషను మెట్ల మీద జనం దిగుతున్నారు.

"పోనీలే, తేలిందిగా" అంది మరదలు. "నీకిష్టమైంది ఈ రిసోట్టో. చెయ్యడం నేర్చుకుంటాను."

"వద్దు. రెండూ అంతంతమాత్రమే."

"ఏంటీ! ఇన్నేళ్లూ?"

"ఇన్నేళ్లూ."

మరదలికి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. "మా అక్క వింటే ఆ పళ్లెం తెచ్చి నీ నెత్తిన బోర్లించేది."

"బోర్లించేదే" అని ఒప్పుకుని, సర్వర్ని పిలిచి మెనూ కార్డు అడిగాడు. కళ్లజోడు పెట్టుకుని మొదటి వరస నుంచి చదవసాగాడు.

"ఇంకానా! అది కడుపా, లిఫ్టు గుంటా?"

"ఇప్పటికి కాదు. మళ్లీ వచ్చినప్పటికి." ఒక పేరు మీద వేలు పెట్టాడు. "ఇదేంటి?"

"చేప సార్. ఓవెన్లో కాలుస్తాం" అన్నాడు సర్వరు.

"ముళ్లుంటాయా?"

"ఉంటాయి సార్."

"అయితే అది వద్దు" అన్నాడు లిఫ్టు బావ, వేలు కింది వరసకి జరుపుతూ.